మాజీ ఆటగాడు, మేనేజర్ కన్నుమూస్తే మ్యాచ్ రోజు నివాళి ఎలా జరపాలి? మౌనమా, చప్పట్లా?

మీరు అడిగింది ఇది: ఒక ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్‌కు ఆడి, తర్వాత అదే క్లబ్‌కు మేనేజర్‌గా చేసిన పెద్దాయన చనిపోతే అభిమానులు ఏం చేయాలి? స్టేడియంలో నిమిషం మౌనం పాటించాలా, చప్పట్లు కొట్టాలా? బ్యానర్, పూలు, స్కార్ఫుల సంగతేమిటి? మీ గుంపులో కొందరు అక్కడే చదువుకుంటున్నారు, మిగతావాళ్లు హైదరాబాద్‌లో స్క్రీనింగ్‌కు కలుస్తారు కాబట్టి రెండు చోట్లా ఏం చేయొచ్చు?

ముందు సూటిగా జవాబు. నిండు జీవితం గడిపి పోయినవారికి చప్పట్లు, అకాల మరణానికీ ప్రమాదానికీ మౌనం. ఈ రెండింటికన్నా ముందు కుటుంబం మాట. మీ శక్తినంతా ఒక్క పని మీద పెట్టండి. మ్యాచ్‌కు ముందు ఒక నిమిషం, ఒక బ్యానర్, ఒక సంతాప పుస్తకం సరిగ్గా కుదిరితే చాలు. పది పనులు తలకెత్తుకుంటే ఒక్కటీ సమయానికి కాదు.

మౌనం కన్నా చప్పట్లు తేలిక. వేల మంది ఉన్నచోట అరవై సెకన్ల నిశ్శబ్దాన్ని ఒక్క మనిషి చెడగొట్టగలడు. చప్పట్లను ఎవరూ చెడగొట్టలేరు, ఎవరో అరిచినా ఆ హోరులో వినపడదు. ఇటలీలో ముందునుంచీ ఉన్న ఈ పద్ధతి ఇంగ్లండులో 2005 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ పాత స్టార్ జార్జ్ బెస్ట్ చనిపోయాక బాగా పాకింది. అలాగని మౌనం పనికిరాదని కాదు. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు చనిపోయిన 1958 మ్యూనిక్ విమాన ప్రమాదానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో, 2008 ఫిబ్రవరి 10న యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ డెర్బీ, అంటే అదే ఊరి మాంచెస్టర్ సిటీతో మ్యాచ్, జరిగింది. మౌనం ఎక్కడ భగ్నమవుతుందోనని సిటీ అభిమానుల సంఘమే చప్పట్లు పెట్టమని అడిగింది. యునైటెడ్ మాత్రం మౌనమే అంది. సిటీ అభిమానులు కూర్చునే సీట్లలో స్కార్ఫులు ఉంచారు. మౌనం అద్భుతంగా కుదిరింది. అవతలి గుంపుతో ముందే మాట్లాడుకుంటే కుదురుతుంది, లేకపోతే అదృష్టం మీద ఆధారపడాల్సిందే.

మౌనం ఎందుకు చెడుతుందో కూడా చెప్పాలి. చాలాసార్లు దాని వెనక ద్వేషం ఉండదు. స్టాండు కింద బీరు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు మైకు వినపడదు, వాళ్ల మాటలు మెట్ల దారిలోంచి పైకి వస్తాయి. అవతలి జట్టు అభిమానులు ఇంకా గేటు దగ్గరే ఉంటారు, పాడుకుంటూ లోపలికి వస్తారు. కాబట్టి ఆ రెండు నిమిషాలు కౌంటర్లు ఆపమని, లోపలి స్పీకర్లలో కూడా ప్రకటన వినిపించమని క్లబ్‌ను అడగండి. అడిగితే సాధారణంగా కాదనరు. అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

ఎవరిని అడగాలి? ప్రతి పెద్ద క్లబ్‌లోనూ అభిమానులకూ క్లబ్‌కూ మధ్య మాట నడిపే సపోర్టర్ లయజాన్ ఆఫీసర్ ఉంటారు. మొదటి మెయిల్ ఆయనకే పంపండి. బ్యానర్, కార్డులు, జెండాల వంటివి ఏవైనా ఉంటే స్టేడియం సేఫ్టీ ఆఫీసర్ అనుమతి కావాలి, అది కూడా ఆయన ద్వారానే. మెయిల్‌లో నాలుగు విషయాలు చాలు: ఏం చేస్తారు, ఏ స్టాండులో, ఎంత సైజు, ఎన్ని గంటలకు లోపలికి రావాలి. మీకంటే పెద్ద అభిమానుల సంఘం అక్కడ ఉంటుంది కదా, వాళ్లు ఏం అనుకుంటున్నారో ముందు కనుక్కోండి. ఒకే స్టాండులో రెండు గుంపులు రెండు బ్యానర్లు ఎత్తితే రెండూ చదవడానికి రావు.

వార్త ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో ఉండదు. ఎవర్టన్ మాజీ ఆటగాడు, మేనేజర్ హోవార్డ్ కెండాల్ 2015 అక్టోబరు 17 ఉదయం చనిపోయారు. ఆ మధ్యాహ్నమే గుడిసన్ పార్క్‌లో ఎవర్టన్‌కు మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్ ఉంది. టాటెన్‌హామ్ (స్పర్స్) మాజీ ఆటగాడు, మేనేజర్ టెర్రీ వెనబుల్స్ వార్త 2023 నవంబరు 26న బయటికొచ్చింది. స్పర్స్ ఆరోజే సొంత మైదానంలో ఆస్టన్ విల్లాతో ఆడింది. ఇద్దరికీ ఆటగాళ్లు చేతికి నల్ల పట్టీలు కట్టుకున్నారు, ఆటకు ముందు నిమిషం చప్పట్లు మోగాయి. గంటల వ్యవధిలో జరగగలిగింది అంతే, అంతకన్నా అవసరమూ లేదు. ఆరోజు మీరు బ్యానర్ కోసం పరుగెత్తకండి. అసలు నివాళి తర్వాతి హోమ్ మ్యాచ్‌కు పెట్టుకోండి.

దీనికి తిరగబడ్డ పరిస్థితి కూడా ఉంటుంది. చెల్సీ మాజీ ఆటగాడు, మేనేజర్ జాన్‌లూకా వియాల్లి 2023 జనవరి 6న, 58 ఏళ్లకే పోయారు. చెల్సీకి ఆ తర్వాతి రెండు మ్యాచ్‌లూ బయటే: 8న మాంచెస్టర్ సిటీతో, 12న ఫుల్హామ్‌తో. సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జిలో మ్యాచ్ 15న గానీ రాలేదు. ఇలాంటప్పుడు బయటి మ్యాచ్‌కు వెళ్లే అభిమానులదే మొదటి బాధ్యత. పరాయి మైదానంలో పెద్ద బ్యానర్‌కు అనుమతి దొరకడం కష్టం, కాబట్టి అక్కడ పాటే నివాళి. ఆయన పేరుతో ఉన్న పాత పాట పల్లవి ఒక్కటి అందరికీ ముందే పంపి, రైల్లోనే అనుకుని వెళ్లండి. కుర్రాళ్లకు ఇరవై ఏళ్ల కిందటి పాటలు రావు. మొదలుపెట్టేవాళ్లు ఒకేచోట ఇరవై మంది ఉండాలి. అక్కడొకరు ఇక్కడొకరు ఉంటే పాట లేవదు.

ఇక ఆ నిమిషం ఎలా నడవాలి. రెండు జట్లూ సెంటర్ సర్కిల్ చుట్టూ నిలబడతాయి, మైకులో ప్రకటన వస్తుంది, రిఫరీ విజిల్‌తో మొదలై విజిల్‌తో ముగుస్తుంది. ప్రకటన నలభై మాటలు దాటకూడదు. పొడవైతే జనం మధ్యలోనే చప్పట్లు మొదలుపెడతారు, విజిల్ వచ్చేసరికి చేతులు అలిసిపోయి ఉంటాయి. మనిషి పేరు, క్లబ్‌లో ఏ ఏళ్లు, ఏం సాధించారు, ఇప్పుడు ఏం చేయాలి, ఈ వరుసలో ఉండాలి. కెండాల్‌కైతే ఇలా సరిపోతుంది: "హోవార్డ్ కెండాల్. 1967 నుంచి 1974 దాకా మన ఆటగాడు. మూడుసార్లు మన మేనేజర్. 1970లో ఆటగాడిగా, 1985, 1987ల్లో మేనేజర్‌గా లీగ్ అందించిన మనిషి. రిఫరీ విజిల్ వినగానే ఒక నిమిషం చప్పట్లతో గౌరవిద్దాం." చివరి వాక్యం చివర్లోనే ఉండాలి. 'చప్పట్లు' అన్న మాట ముందే వినపడితే అక్కడే మోగిపోతాయి.

ఆటగాడిగానూ మేనేజర్‌గానూ ప్రేమ పొందినవారి విషయంలో ఒక చిక్కు ఉంది. ముసలివాళ్లకు ఆయన ఆట గుర్తు, వాళ్ల పిల్లలకు ఆయన గెలిపించిన కప్పులు గుర్తు, మనవళ్లకు యూట్యూబ్ గుర్తు. బ్యానర్ మీద ఒకే ఫొటో పెడితే ఒక తరం బయట ఉండిపోతుంది. జెర్సీలో ఉన్న బొమ్మ ఒకటి, కోటు వేసుకుని డగౌట్ దగ్గర ఉన్నది ఒకటి పక్కపక్కన పెట్టండి. మేనేజర్‌గా చివరి రోజులు బాగా సాగకపోయి ఉండొచ్చు. కెండాల్ మూడోసారి, 1997–98లో, ఎవర్టన్ ఆఖరి రోజున గోల్ తేడాతో మాత్రమే దిగువ డివిజన్‌కు పడిపోకుండా బయటపడింది. వియాల్లిని చెల్సీ 2000 సెప్టెంబరులో తీసేసింది. నివాళి రోజున ఆ పాత గొడవలు తవ్వి యాజమాన్యాన్ని తిట్టే పాటలు ఎత్తుకోవద్దు. ఆ స్టాండులోనే ఆయన భార్యాబిడ్డలు కూర్చుని ఉంటారు.

ఫలానా నిమిషంలో చప్పట్లు అన్నది అందరికీ ఇష్టమే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. ముందు లెక్క సరిచూసుకోండి. 67వ నిమిషం అంటే బోర్డు మీద గడియారం 66:00 చూపినప్పటి నుంచి 66:59 దాకా. సగం మంది 67:00 చూసి మొదలుపెడతారు, సగం మంది ముందే ఆపేస్తారు. పోస్టరులో "67వ నిమిషం" అని వదిలేయకుండా "గడియారం 66:00 చూపగానే" అని రాయండి. రెండోది, అంకె ఎంపిక. జెర్సీ నంబరు 4 అయితే 4వ నిమిషానికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. అలాంటప్పుడు గెలిచిన ఏడాది చివరి రెండు అంకెలు గానీ, వయసు గానీ తీసుకోండి. మూడోది, పాతకాలం ఆటగాళ్లకు శాశ్వత నంబర్లు ఉండేవి కావు. ఆ మ్యాచ్‌లో ఆడే స్థానాన్ని బట్టి 1 నుంచి 11 దాకా ఇచ్చేవారు. ఎక్కువ మ్యాచ్‌లు ఏ నంబరుతో ఆడారో పాత జట్ల జాబితాల్లో చూసి ఖాయం చేసుకోండి.

67 అనగానే గుర్తొచ్చేది బిల్లీ మెక్‌నీల్. 1967 మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ను 2–1తో ఓడించిన స్కాట్లండు క్లబ్ సెల్టిక్ కెప్టెన్. యూరోపియన్ కప్ ఎత్తిన మొదటి బ్రిటిష్ క్లబ్ కెప్టెన్ ఆయనే. తర్వాత రెండు విడతలు అదే క్లబ్‌కు మేనేజర్. నంబరు 5. 2019 ఏప్రిల్ 22న పోయారు. 27న కిల్మార్నాక్‌తో సెల్టిక్ సొంత మైదానంలో ఆడింది. ఆ మ్యాచ్‌లో ఒకటే గోల్. కొట్టింది నంబరు 5 వేసుకున్న డిఫెండర్ యోజో సిమునోవిచ్, తలతో, 67వ నిమిషంలో. ఇలాంటిది ఎవరూ ఏర్పాటు చేయలేరు. అంకెల మీద మన శ్రద్ధ ఎందుకో ఎవరైనా అడిగితే ఈ గోల్ చూపిస్తే చాలు.

మెక్‌నీల్ విషయంలో ఇంకో సంగతి కూడా నేర్చుకోవాలి. సెల్టిక్ పార్క్ ముందు, కప్ ఎత్తి పట్టుకున్న ఆయన విగ్రహం 2015 నుంచీ ఉంది. వార్త రాగానే జనం ఎవరూ చెప్పకుండానే అక్కడికి చేరారు. పూలు, స్కార్ఫులు, జెర్సీలు ఆ విగ్రహం చుట్టూ పేరుకున్నాయి. మీ క్లబ్‌లో అలాంటి చోటు ఉంటే కొత్త స్థలం కనిపెట్టకండి. లేకపోతే ప్రధాన గేటు పక్కన కమ్మీల గోడ ఒకటి చూసుకోండి.

పూలు, స్కార్ఫుల దగ్గర పాటించాల్సినవి చిన్నవే, కానీ తేడా చూపిస్తాయి. బొకే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కాగితం తీసేయండి. అది ఉంచితే లోపల నీరు చేరి రెండో రోజుకే పూలు కుళ్లి వాసన వస్తాయి. కార్డు మీద మామూలు ఇంకు పెన్నుతో రాస్తే ఇంగ్లండు వానకు ఒక్క రాత్రిలో చెరిగిపోతుంది. పెన్సిలుతో గానీ చెరగని మార్కరుతో గానీ రాసి, జిప్ కవరులో నోరు కిందికి ఉండేలా కట్టండి. స్కార్ఫులు పాలియెస్టర్, అక్రిలిక్ దారంతో చేసినవి, నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి. అందుకే అక్కడ కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ దీపాలు చాలు. చక్రాల కుర్చీ పోయేలా కనీసం మీటరున్నర దారి వదలాలి. ఎప్పుడు తీయాలో ముందే ప్రకటించండి, అంత్యక్రియలైన వారం తర్వాత తీస్తే ఎవరూ నొచ్చుకోరు. పూలు ఎరువుకు, స్కార్ఫులు ఉతికించి క్లబ్ నిర్ణయించినచోటికి, కార్డులు ఆరబెట్టి కుటుంబానికి. చెప్పకుండా ఒక రాత్రి తీసేస్తే తెల్లారేసరికి క్లబ్ మీద కోపం రేగుతుంది.

బ్యానర్. మైదానం అవతలి వైపు నుంచి, అంటే వంద మీటర్ల దూరం నుంచి చూసినా ఇట్టే చదవగలగాలంటే అక్షరం ఎత్తు 60 నుంచి 80 సెంటీమీటర్లు ఉండాలి. 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గుడ్డ మీద పేరు, రెండు ఏళ్లు, ఒక చిన్న మాట పడతాయి. అంతకు మించి కవిత్వం రాస్తే టీవీలో గీతల్లా కనిపిస్తుంది. జెండాలకు వాడే పాలియెస్టర్ గుడ్డ 115 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 115 గ్రాములు) తీసుకుంటే మొత్తం మూడు కిలోల లోపే ఉంటుంది, ఇద్దరు మోయగలరు. కాటన్ దుప్పటి గుడ్డ చవకే కానీ తడిస్తే బరువెక్కి మధ్యలో వేలాడుతుంది. పెద్ద బ్యానర్లకు నిప్పంటుకోని గుడ్డ అన్న సర్టిఫికెట్ చాలా స్టేడియాలు అడుగుతాయి. గుడ్డ కొనేటప్పుడే ఆ కాగితం తీసుకోండి, రంగు వేశాక దానికోసం తిరిగితే దొరకదు. అంచుల్లో ప్రతి అరమీటరుకు ఒక ఇత్తడి రింగు కొట్టించండి. అక్షరాలు మాత్రమే నింపాలంటే రెండు కోటింగ్‌లకు రెండు లీటర్ల రంగు సరిపోతుంది. ఒక రాత్రంతా ఆరనివ్వాలి. తడి మీద మడిస్తే ఒక అక్షరం ఇంకో అక్షరం మీద అచ్చుపడుతుంది. పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, పేరులోని అక్షరాలు ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలి. కుటుంబం చూసేది ముందు అవే.

సీటుకో కార్డు పెట్టి స్టాండంతా బొమ్మ చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. చిన్న గుంపుకు ఇది సలహా ఇవ్వను. ఒక్క '9' అంకె కనిపించాలంటేనే పదిహేను వరుసలు, వరుసకు పది సీట్లు కావాలి. పేరు రాయాలంటే మూడు వేల కార్డులు సులువుగా అవుతాయి. 250 జీఎస్‌ఎం ఏ3 కార్డు ఒక్కోటి 31 గ్రాములు, మూడు వేలంటే 94 కిలోలు. పల్చటి కాగితం వాడితే బరువు తగ్గుతుంది గానీ ఐదు నిమిషాల్లో అవన్నీ కాగితపు విమానాలై మైదానంలో వాలతాయి. సీటు మీద ఊరికే ఉంచితే గాలికి పోతాయి, మడత సీటు సందులో దోపాలి. చేయాల్సిందే అనుకుంటే ప్రతి కార్డు వెనక ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో రెండు లైన్లలో అచ్చువేయండి.

పాత సహచరులను పిలిచేటప్పుడు వాళ్ల వయసు మరిచిపోవద్దు. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు చలిలో పావుగంట నిలబడలేరు. దండ పెట్టడానికి సెంటర్ సర్కిల్ దాకా నడిపించకుండా టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గరే ఏర్పాటు చేయమనండి, వెచ్చని గదిలో కుర్చీలు వేయించమనండి. కుటుంబ సభ్యులు మైదానంలోకి వస్తామంటేనే రమ్మనాలి. పెద్ద తెర మీద వీడియో వేస్తుంటే వాళ్లకు ముందే చూపించి ఉండాలి. ఆయన గొంతు హఠాత్తుగా స్టేడియంలో వినపడితే తట్టుకోవడం కష్టం.

అవతలి క్లబ్‌లను తక్కువ అంచనా వేయొద్దు. ఒక మనిషి మీద ఒకే ఊరికి హక్కు ఉండదు. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఏళ్ల తరబడి మేనేజర్‌గా చేసిన మాట్ బస్బీ ఆటగాడిగా ఆ క్లబ్‌కు ఎప్పుడూ ఆడలేదు, ఆడింది మాంచెస్టర్ సిటీకీ లివర్‌పూల్‌కీ. ఆయన పోయిన రెండు రోజులకు, 1994 జనవరి 22న, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒంటరి బ్యాగ్‌పైపర్ వెంట జట్లు నడిచి వస్తుంటే, అవతలి జట్టు ఎవర్టన్ అభిమానులు కూడా ఆ మౌనాన్ని చెక్కుచెదరకుండా నిలబెట్టారు. డెర్బీ కౌంటీకీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ మేనేజర్‌గా చేసిన బ్రయాన్ క్లఫ్ స్మారక సభ 2004 అక్టోబరులో డెర్బీ కెథీడ్రల్‌లో జరగాల్సింది. టికెట్లకు వచ్చిన గిరాకీ చూసి డెర్బీ క్లబ్ మైదానం ప్రైడ్ పార్క్ స్టేడియానికి మార్చారు, 14 వేల మందికి పైగా వచ్చారు. డెర్బీకీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ ఉన్న వైరం తెలిసిందే, ఆరోజు రెండు క్లబ్‌ల వాళ్లూ పక్కపక్కనే కూర్చున్నారు. కాబట్టి ఆ పెద్దాయన పనిచేసిన మిగతా క్లబ్‌ల అభిమానుల సంఘాలకు కూడా ఒక మెయిల్ పెట్టండి, ఒక పూలదండ వాళ్ల తరఫున కూడా వస్తుంది.

డబ్బు సంగతి. చందాలు వసూలు చేస్తే కుటుంబం చెప్పిన సేవాసంస్థకే పోవాలి. వియాల్లి బతికున్నప్పుడే మాసిమో మౌరోతో కలిసి ఫౌండేషన్ పెట్టారు, ఇంగ్లండు మాజీ మేనేజర్ బాబీ రాబ్సన్ పేరుతో క్యాన్సర్ పరిశోధనకు ఫౌండేషన్ ఉంది. ఇలాంటిది ఉంటే ఇక వెతకనక్కర్లేదు. బ్యానర్ ఖర్చు వేరు, చందా వేరు, రెండూ ఒకే ఖాతాలో కలపొద్దు. ఆయన బొమ్మతో టీషర్టులు వేసి అమ్మడం ఆ నెలలో అసలు వద్దు.

ఇక హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల సంగతి. శనివారం అక్కడి మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు శీతాకాలంలో రాత్రి 8:30కు, వేసవిలో 7:30కు. నివాళి కిక్ఆఫ్‌కు ఒకటి రెండు నిమిషాల ముందు జరుగుతుంది, సరిగ్గా అప్పుడే ఇక్కడి ప్రసారంలో ప్రకటనలు రావచ్చు. టీవీని నమ్ముకోకుండా కిక్ఆఫ్‌కు ఐదు నిమిషాల ముందు మీరే ఒకరు లేచి, పైన చెప్పిన నలభై మాటల ప్రకటన తెలుగులో చదివి, మీ నిమిషం మీరు పాటించండి. ఆ నిమిషం సౌండు ఆపమని స్క్రీనింగ్ పెట్టిన హోటలువాళ్లకు ముందే చెప్పుకోవాలి. పక్క టేబుళ్లలో ఆట చూడటానికి రానివాళ్లు కూడా ఉంటారు, అందుకని అక్కడ మౌనం కన్నా చప్పట్లే మేలు. మొబైల్ స్ట్రీమింగ్ అసలు ఆట కన్నా అరనిమిషం దాకా వెనక నడుస్తుంది. నిమిషం చప్పట్లు కొట్టేటప్పుడు ఎవరి ఫోను వాళ్లు చూడకుండా పెద్ద తెర మీది గడియారాన్నే చూడండి.

మీ గుంపు నిజంగా ఇవ్వగలిగిన విలువైన వస్తువు సంతాప పుస్తకం. గీతలు లేని మందపాటి కాగితాలు, ఏ4 సైజు, విడివిడిగా తీసుకోండి. బైండు పుస్తకమైతే ఒకరు రాసేదాకా మిగతావాళ్లు వరుసలో నిలబడాలి. కాగితాలైతే పదిమంది ఒకేసారి రాస్తారు, తర్వాత కుట్టించొచ్చు. "ఆత్మకు శాంతి కలగాలి" అని ఒక్క మాట రాసి వదలొద్దని అందరికీ చెప్పండి. ఏ మ్యాచ్, ఏ గోల్, ఎక్కడ కూర్చుని చూశారు, ఎవరు చూపించారు, ఇవి రాయమనండి. తెలుగులో రాస్తే మరీ మంచిది, కింద రెండు వాక్యాల ఇంగ్లిష్ అనువాదం పెట్టండి. చివర ఊరి పేరు తప్పనిసరి. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు వద్దు. అన్నీ స్కాన్ చేసి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని, అసలువి సపోర్టర్ లయజాన్ ఆఫీసర్ పేరున క్లబ్ చిరునామాకు కొరియర్ చేయండి. కుటుంబం ఇంటి చిరునామా ఎక్కడైనా దొరికినా నేరుగా పంపకండి. కవరు మీద "కుటుంబానికి, సంతాప లేఖలు" అని స్పష్టంగా రాసి ఉంటే క్లబ్‌వాళ్లు మిగతా ఉత్తరాలతో కలిపి అందిస్తారు. అంత్యక్రియల నాటికే చేరాలన్న తొందర అక్కర్లేదు, ఆ వారం ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది. నెలా రెండు నెలల తర్వాత చేరినా వాటిని తీరిగ్గా కూర్చుని చదువుకుంటారు.